ట్రావొరేల నల్ల పిడకలు

ట్రావొరే ఇంట్లో పుట్టినవాడికి బుర్ర ఉండదని నాకు మాటలొచ్చినప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. చెప్పిన ప్రతిసారీ నవ్వుతారు. నవ్వక ఏం చేస్తారు? నేను సితాన్ జారాని. జారాలకీ ట్రావొరేలకీ తాతముత్తాతల నాటినుంచి వేళాకోళపు చుట్టరికం. నేను వాళ్లని ఏమైనా అనొచ్చు. బానిసలనొచ్చు, బొబ్బర్లు తెగమేసి ఊరంతా కంపు కొట్టించే మంద అనొచ్చు, పొయ్యి మీద ఉడుకుతున్న కూరగిన్నె ఎత్తుకుపోవచ్చు. వాళ్లకి కోపం రాకూడదు. వచ్చిందా, పదూళ్లలో పరువు పోతుంది. వాళ్లూ నన్ను అంటారనుకోండి. అనడం చేతకాదు గానీ అంటారు.

ఆ ఇంట్లో చావు జరిగితే సమాధి గుంటలో దిగి పడుకునేది కూడా నేనే. ఆనవాయితీగా నాకు రావాల్సిన మేక ఇస్తేగానీ లేవనని మొండికేస్తాను. ఏడ్చేవాళ్లు ఏడుపు మధ్యలో నవ్వుతారు. అదీ మా పని. ఇది తెలియని పట్నంవాళ్లు మా ఊరు ఫలాబుగుకి వచ్చి, ఈ ముసల్దానికీ ఆ ఇంటికీ ఏదో పాత పగ ఉందనుకుంటారు. వాళ్ల మొహం.

అలాంటి ఇంట్లో కూడా మరీ వెర్రివెంగళప్ప సుంగాలో. మంచి పొలం, రెండెడ్లు, చక్కటి పెళ్లాం. హాయిగా చెట్టుకింద కూర్చుని టీ తాగుతూ బతకొచ్చు. అలాంటివాడు పోయిన పత్తి కోతలవగానే కుచాలా సంతకెళ్లి ఒక ఇనప పీపా నెత్తిన పెట్టుకొచ్చాడు.

"ఏరా బానిసా, అందులో నీళ్లు పోసుకుని ఈత కొడతావా?" అన్నాను.

"లేదత్తా. పత్తికట్టె కాల్చి బొగ్గు చేస్తా. బొగ్గు దంచి పిడకలు కొడతా. వాసా ఇంక కట్టెలకి పోనక్కర్లేదు," అన్నాడు.

వాసా వాడి పెళ్లాం. సనోగో ఇంటి పిల్ల. సనోగోలతో నాకు వేళాకోళం లేదు, అందుకని ఆ పిల్లతో నేను పద్ధతిగానే మాట్లాడతాను. మాట్లాడినా పెద్దగా జవాబు రాదు, అంత మెత్తన. రెండుసార్లు కడుపొచ్చింది, రెండుసార్లూ పోయింది. రెండుసార్లూ కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని వచ్చిన మర్నాడే. ఇప్పుడు మూడోసారి. పెద్దూరి ఆసుపత్రిలో నర్సమ్మ సుంగాలోని పక్కకి పిలిచి, ఈ పిల్ల ఇంక బరువెత్తిందంటే బిడ్డ దక్కదు, తల్లి కూడా దక్కదేమో అని కచ్చితంగా చెప్పింది. అడవి ఒకప్పుడు పెరటి గోడ అవతలే ఉండేది. ఇప్పుడు కట్టె కావాలంటే పొద్దున పోయినవాళ్లు మధ్యాహ్నం ఎండలో పడి వస్తారు.

మరి కట్టె మొయ్యకు అంటే సరిపోతుందా? మా ఊళ్లో సరిపోదు. కడుపుతో ఉన్న ఆడది వానలు పడేలోపు వాకిట్లో కట్టెలు పేర్చాలి. కాన్పయ్యాక తల్లికీ బిడ్డకీ రోజూ వేణ్నీళ్లు కావాలి కదా, దానికన్నమాట. అసలు సంగతి వేణ్నీళ్లు కాదు. ఆ పేర్పు ఎంత ఎత్తుంటే ఆ కోడలికి అంత పేరు. బిడ్డకి పేరు పెట్టే రోజున వచ్చిన చుట్టాలు ముందు చూసేది బిడ్డని కాదు, కట్టెల పేర్పుని. పేర్పు చిన్నదైతే మూతి మూడు వంకర్లు తిప్పి, ఆ బిడ్డ చెవిలో పడేలాగే, ఒళ్లువంగని తల్లికి పుట్టావురా అంటారు.

ఈ గొప్పలో మహారాణి సుంగాలో తల్లి తెనిన్. ఆవిడ పుట్టుక వేరే ఇంట అయినా ఇంతకాలం ఆ ఇంటి బొబ్బర్లు తిన్నాక ట్రావొరే కింద లెక్కే, నేనెప్పుడో జమకట్టేశాను. ఆవిడ కట్టెల పేర్పు మనిషి కంటే ఎత్తు. సుంగాలో పుట్టకముందు పేర్చింది. ఒక్క పుల్ల తియ్యలేదు, తియ్యనివ్వదు. ఏటేటా పైన కొత్తవి పేరుస్తుంది. కిందవి ఎప్పుడో చెదలు తినేశాయి. తట్టితే లోపల బోలు. వంటకి మాత్రం మళ్లీ కోడలు అడవికి పోయి తేవాలి.

"ఒసే తెనిన్, నీ ఇంట్లో చెదలు మేడ కట్టుకుని మనవల్ని ఎత్తుకుంటున్నాయి. నీకే ఇంకా మనవడు లేడు," అన్నాను ఒకసారి.

"పోవే, జారాల ఇంట్లో చెదలకి కూడా తిండి దొరకదు," అంది. అనగానే నవ్వింది గానీ ఆ నవ్వు చివర కొంచెం తెగింది. మనవడి మాటకి. నాకు తెలుసు, తెలిసే అన్నాను.

సరే, సుంగాలో పని మొదలెట్టాడు. పత్తి కోత అయ్యాక ఆ కట్టెని అందరూ పొలంలోనే తగలబెట్టేస్తారు. వీడు మాత్రం బండికెత్తుకుని ఇంటికి తెచ్చాడు. పీపాకి అడుగున కన్నాలు పొడిచాడు. కట్టె విరిచి కుక్కి, నిప్పు పెట్టి, పొగ పలచబడగానే మూతేసి చుట్టూ బురద మెత్తాడు. మర్నాడు తీస్తే సగం బొగ్గు, సగం పచ్చి. అయినా సరే దంచాడు. అదీ పెళ్లాం రోకలితో. ఆ రోకలితో తర్వాత సజ్జలు దంచితే సంకటి నల్లగా వచ్చింది. తెనిన్ ఆ సంకటి గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చూపించింది, నా కొడుకు తిండిలో కూడా మసి కలిపాడని.

బొగ్గుపొడి ముద్ద కట్టాలంటే జిగురు కావాలి. గంజి కాచి కలపాలని సంతలో చెప్పారట. తెనిన్ పిండిబాన మీద కూర్చుంది.

"తినే పిండి తెచ్చి పొయ్యిలో పోస్తావురా? ముందు నన్ను పొయ్యిలో పెట్టు, తర్వాత పిండి పెట్టుకో," అంది.

దాంతో వాడు గంజి మానేసి ఏటి ఒడ్డు జిగురుమట్టి కలిపాడు. నేను ఆ దారిన పోతూ చూశాను. చూడగానే తెలిసిపోయింది.

"మట్టి ఎక్కువైందిరా వెధవా. ఇది మండదు. దీంతో గోడ కట్టుకో," అన్నాను.

సుంగాలో పగలబడి నవ్వాడు. "జారా మండదందంటే భగభగా మండుతుంది," అని ఇంకో రెండు దోసిళ్ల మట్టి వేశాడు. నిజం చెబితే ట్రావొరేకి ఎక్కదు. ఆ నిజం జారా నోట్లోంచి వస్తే అసలే ఎక్కదు. వాణ్ని తప్పుపట్టి ఏం లాభం, మా రెండిళ్ల పెంపకమే అలాంటిది.

మండలేదు. ఎండిన పిడకలు కుంపట్లో వేసి ఊదాడు, ఊదాడు, కళ్లు ఎర్రబడేదాకా ఊదాడు. అవి ఎర్రటి ఇటుకలై కూర్చున్నాయి. పక్కింటి పిల్లలు వాటిని తీసుకుపోయి బొమ్మరిల్లు కట్టుకున్నారు. ఇంకొకడైతే పీపా అమ్మేసి ఊరుకునేవాడు. వీడు ఊరుకోలేదు. తెలివితక్కువవాడికి ఒక సుఖం ఉంది, ఓడిపోయామన్న సంగతి కూడా తొందరగా తెలియదు.

చివరికి దారి దొరికింది వాసాకి. సంకటి కుండ అడుగున మాడు అంటుకుంటుంది కదా, దాన్ని నానబెట్టి గీకి ఆ నీళ్లు పారబోస్తాం. ఆ పిల్ల ఆ నీళ్లు మళ్లీ కాచి చిక్కబరిచి మొగుడికిచ్చింది. పిండి పోయిందని అత్త అరవడానికి లేదు. ఆ జిగురుతో కలిపిన ముద్ద అరచేతిలో అంటుకుపోయింది. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని, గుండ్రంగా అదిమి, చాప మీద వరసలుగా ఎండబెట్టారు. వాసా నవ్వగా నేను చూసింది అప్పుడే. చేతులు మోచేతులదాకా నలుపు, ముక్కు మీద నలుపు.

"మేక పెంటికలు దీనికంటే నయంరా. అవి గుండ్రంగా ఉంటాయి," అన్నాను సుంగాలోతో.

"నీ చేతి బూరెల కంటే ఇవే నయమత్తా. ఇవి మెత్తగా ఉంటాయి," అన్నాడు.

ఎండాక తెనిన్ పెద్దకుండ తెచ్చి కుంపటి మీద పెట్టింది, ఇంటిల్లిపాదికీ సంకటి వండి చూపించమని. వండారు. పిడకలు నెమ్మదిగా అంటుకున్నాయి గానీ అంటుకున్నాక దిగలేదు. ఎర్రగా, నిండుగా, పొగ లేకుండా కాలాయి. సంకటి ఉడికింది, బెండకాయ పులుసు ఉడికింది, ఇంకా నిప్పు మిగిలింది. దానిమీద మగాళ్లు మూడు వాయిలు టీ కాచుకున్నారు. నాకు సంతోషమేసింది. ఆ సంగతి వాళ్లకి చెప్తానా?

తెనిన్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"రుచి లేదు," అంది. "పొగవాసన లేని సంకటి సంకటేనా? వంటయినంతసేపూ ఇంటిమీద పొగ లేదు. చూసేవాళ్లు ఈ ఇంట్లో పొయ్యి వెలగలేదనుకుంటారు."

పొగ లేదని ఏడ్చే మనిషిని నేను ఆవిణ్ణే చూశాను.

సుంగాలో మాత్రం మొండిగా పిడకలు కొట్టుకుంటూ పోయాడు. ఎండినవన్నీ పాక కింద పేర్చాడు, కట్టెలు పేర్చినట్టే, చక్కగా, ఎత్తుగా. పెళ్లాం కాన్పుకి ఇదే పేర్పు అన్నాడు. చుట్టాలొస్తే తెనిన్ దానిమీద చాప కప్పేసేది. వాళ్లు పోయాక సుంగాలో చాప తీసేసేవాడు. ఈ చాప తగాదా తల్లీకొడుకులిద్దరి మధ్యే ఉంటే బాగుండేది.

బావి దగ్గర ఆడవాళ్లు మొదలెట్టారు. వాసా కడవ పట్టుకుని వస్తుంటే చాలు, "మేక పెంటికల కోడలొచ్చింది, దారివ్వండే" అనేవాళ్లు. "మొగుడి చేత వంటకట్టె చేయించుకునే ఆడదాన్ని మన తల్లులు చూశారా?" అని ఒకతె. "రెండు పోయాయి కదా, మూడోది కూడా ఉంటుందో లేదో. ఎందుకమ్మా కష్టపడి పేర్చుకోవడం," అని ఇంకొకతె. నేను వాళ్లని తిట్టాను. వాళ్లు నాకు వేళాకోళపు చుట్టాలు కారు, అందుకని నా తిట్లు వాళ్లకి నిజంగానే తగిలాయి. ఒకతె మొగుణ్ణి తీసుకొచ్చి పంచాయితీ పెట్టింది. పెట్టుకోనీ. వేళాకోళానికి ఒక పద్ధతి ఉంటుంది. అవతలివాడు తిరిగి అనగలగాలి. తలొంచుకుని నీళ్లు తోడుకునే పిల్లని పట్టుకుని నలుగురు అనడానికి పేరేమిటో నాకు తెలియదు. ఆ ఆడవాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత.

వాసా కడవ నింపుకుని పోయింది. ఇంటికొచ్చి ఏడ్చిందేమో కూడా నాకు తెలియదు. నెలలు నిండుతున్నాయి. పొట్ట బాగా కిందికి దిగింది. వానలకి ముందు వచ్చే ఉక్కపోత మొదలైంది. అప్పుడు తెనిన్ పుట్టింటివైపు అక్కచెల్లెళ్లు కోడల్ని చూడ్డానికి వస్తున్నామని కబురు పెట్టారు.

ఆ పూట నేను తెనిన్ వాకిట్లోనే ఉన్నాను. ఆవిడ వాకిలి ఊడుస్తూ, ఎవరితోనో చెప్పినట్టు గాలితో చెప్పింది. "రేపు వాళ్లొచ్చి నీ కోడలి కట్టెలేవే అంటే ఏం చూపించను? నా కట్టెలు చూపించి ఇవి దానివే అని అబద్ధం చెప్పాలి కాబోలు." వాసా లోపల నేల అలుకుతోంది. చెయ్యి ఆగింది. మళ్లీ అలికింది. తెనిన్ దాన్ని అడవికి పొమ్మనలేదు. ఆ మాట ఎవరూ అనలేదు. అనకుండా పంపించడం కూడా ఒక విద్యే, మా ఊరి ఆడవాళ్లకి అది బాగా వచ్చు.

మర్నాడు నేను నెరె కాయలకి పోయాను. పులుసులో వేసే గింజలు అయిపోయాయి. కాయలు కోసుకుని తిరిగొస్తుంటే దారి పక్క ఒక కట్టెలమోపు కనబడింది, చక్కగా కట్టి ఉంది. మోపు అవతల వాసా కూర్చుని ఉంది. చెట్టుకి ఆనుకుని, రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని. కట్టుగుడ్డ తడిసి ఉంది. కింద మట్టి కూడా తడిసి ఉంది.

"పెద్దమ్మా, చిన్న మోపే," అంది నన్ను చూసి. తప్పు చేసిన పిల్లలా చెప్పింది. "పైన నాలుగు కట్టెలుంటే చాలనుకున్నా. కింద పిడకలే ఉంచి, పైన కట్టెలు పేర్చేస్తే వాళ్లకి తెలియదు కదా."

నా పైగుడ్డ తీసి ఆమె కింద వేశాను. నా చేతులకి రక్తం అంటింది. "కదలకు తల్లీ, కదిలావంటే ఒట్టే," అని చెప్పి పరిగెత్తాను. ఈ వయసులో అలా పరిగెత్తుతానని నేను ఎప్పుడూ అనుకోలేదు. నెరె కాయలు ఎక్కడ పడిపోయాయో తెలియదు.

ఊరి మొదట్లో ట్రావొరేల పందిరి. మగాళ్లందరూ అక్కడే ఉన్నారు. సుంగాలో పినతండ్రి బఫింగ్ టీ గ్లాసులోకి ఎత్తిపోస్తున్నాడు. సుంగాలో కూర్చుని పీపా మూతకి రేకు కొడుతున్నాడు.

"లేవండిరా! వాసా అడవి దారిలో పడిపోయింది! రక్తం పోతోంది!" అని అరిచాను.

అందరూ నవ్వారు.

అవును, నవ్వారు. నవ్వరా? నేను జారాని కదా. మొన్ననే బఫింగ్ చచ్చిపోయాడని ఊరంతా ఏడ్చుకుంటూ తిరిగి, వాడి ఇంటికే వెళ్లి వాడినే నా మేక ఇమ్మని అడిగాను. ట్రావొరేల ఇంట్లో ఏడాదికి ఒకరినైనా నేను చంపకుండా ఉండను. అది నా హక్కు.

"ఈసారి పెళ్లాం వంతు వచ్చిందిరా సుంగాలో," అన్నాడు బఫింగ్. "మేక సిద్ధం చెయ్యి."

"వాసా ఇంట్లో పడుకుని ఉంది. పొద్దున్న చూసే కదా నేనొచ్చింది," అన్నాడు సుంగాలో, రేకు మీద సుత్తి దెబ్బ వేస్తూ. వాడు పొద్దున్నే పొలానికి పోయి అటునుంచి అటే పందిట్లోకి వచ్చాడు. వాడికి ఏం తెలుసు?

"ఒరే దరిద్రుడా! గాడిదకి పుట్టినవాడా! నీ పెళ్లాం చచ్చిపోతోందిరా!"

వాళ్లు ఇంకా నవ్వారు. నేను టీ గిన్నె తన్నాను. మరిగే టీ నేలపాలైంది. బఫింగ్ కడుపు పట్టుకుని నవ్వాడు, కళ్లంట నీళ్లొచ్చాయి వాడికి. నా చేతులు చూపించాను. రక్తం.

"ఎర్ర గోంగూర పూల రసం!" అని ఎవడో అరిచాడు. "పోయినేడు ఎద్దు కుమ్మిందని ఇదే పూసుకొచ్చింది, గుర్తుందా?"

తిట్టినకొద్దీ నవ్వుతున్నారు. ఏడిస్తే, ముసల్దాని ఏడుపు ఈసారి బాగా కుదిరిందన్నారు. పుట్టిన దగ్గరనుంచి నేను వాళ్లతో మాట్లాడిన భాషంతా అదే, అందులో నిజం చెప్పడానికి ఒక్క మాట కూడా లేదు. అక్కడ ఆ పిల్ల చెట్టుకి ఆనుకుని ఉంది. నాకు పిచ్చెత్తిపోయింది.

అప్పుడు తలగుడ్డ తీసేశాను. బఫింగ్ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాను. నా నెత్తి వాడి కాళ్ల దగ్గర మట్టికి ఆనించాను.

"ట్రావొరే," అన్నాను. "బఫింగ్ ట్రావొరే గారూ. మీరు పెద్దవారు. మీ తాతలు వీరులు. ఈ జారా ఆడది మీ కాళ్లు పట్టుకుంటోంది బాబూ. మీ ఇంటి కోడల్ని కాపాడుకోండి."

నవ్వు ఆగిపోయింది. బఫింగ్ లేచి నిలబడ్డాడు. సుత్తి కింద పడిన చప్పుడు వినబడింది, తలెత్తి చూసేసరికి సుంగాలో లేడు. అడవి దారిలో దుమ్ము లేస్తోంది. జారా నోట ట్రావొరేకి 'గారు' వచ్చిందంటే ఇంక అందులో ఆట లేదని వాడికి తెలుసు. పుట్టి బుద్ధెరిగాక వాడికి వెంటనే అర్థమైన మాట అదొక్కటే.

పత్తి మోసే మూడు చక్రాల బండి దొరికింది. వాసాని దాంట్లో పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఇంటి ముందు బండి ఒక్క క్షణం ఆగింది, గుడ్డలకోసం. తెనిన్ చేటతో బయటికొచ్చింది. వాసాని చూసింది, నన్ను చూసింది. నేనేదో ఒకటి అంటానని ఎదురుచూసింది.

"తెనినమ్మా, మీరు ఇంట్లో ఉండండి. మేం చూసుకుంటాం," అన్నాను.

కావాలని అనలేదు. నోరు ఇంకా ఆ మర్యాదలోనే ఉండిపోయింది. తెనిన్ చేట వదిలేసి అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది.

ఆసుపత్రిలో వాసాని లోపలికి తీసుకుపోయి తలుపేశారు. నేనూ సుంగాలో బయట బల్ల మీద. వాడి చేతులకి ఇంకా బొగ్గు మరక ఉంది. ఆ చేతుల్నే చూసుకుంటూ లేస్తాడు, తలుపు దాకా వెళ్తాడు, వస్తాడు.

"కూర్చో నాయనా," అన్నాను.

వాడు భోరుమన్నాడు. "అలా పిలవకత్తా! నాకు భయమేస్తోంది. తిట్టత్తా. ఒక్కసారి తిట్టు."

తిట్టాలని నోరు తెరిచాను. రాలేదు. ఏళ్ల తరబడి నిద్రలో కూడా తిట్టినదాన్ని, ఒక్క 'వెధవా' కూడా రాలేదు. వాడి తల దగ్గరికి తీసుకుని కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సమ్మ వాణ్ని లోపలికి పిలిచింది.

మర్నాడు పొద్దెక్కాక నేనొక్కదాన్నే అదే బండిలో ఊరికి తిరిగొచ్చాను. సుంగాలో అక్కడే ఉండిపోయాడు. తెనిన్ వాకిట్లో ఇల్లంతా నిలబడి ఉంది. బఫింగ్, వాడి పెళ్లాలు, కబురు పెట్టి దిగిన తెనిన్ అక్కచెల్లెళ్లు, బావి దగ్గరి ఆడవాళ్లలో కూడా ఇద్దరు. మొహాలు ఎలా పెట్టుకొచ్చారో వాళ్లు.

నేను బండి దిగాను. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. నేను మర్యాదగా మాట్లాడితే బిడ్డ పోయినట్టు. తెనిన్ కుంపటి దగ్గర నిలబడి ఉంది. కుంపటి మీద పెద్ద కుండలో నీళ్లు కాగుతున్నాయి. ఎవరికో ఏమిటో తెలియకుండానే రాత్రినుంచీ కాస్తూ ఉన్నట్టుంది. కింద సుంగాలో నల్ల పిడకలు ఎర్రగా ఉన్నాయి. అంత అవసరంలోనూ తన పేర్పులోంచి ఒక్క పుల్ల తియ్యలేదు మహాతల్లి.

రాత్రంతా మేలుకున్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అవి రాలితే వీళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు. రాలకముందే నోరు తెరిచాను.

"ఏమే తెనిన్, బొబ్బర్ల గుమ్మీ! ఏం చూస్తున్నావే గుడ్లప్పగించి? నాకింకో బానిస పుట్టింది. ఆడపిల్ల. పిడికెడంత లేదు గానీ నోరు మాత్రం మీ ఇంటిదే, ఆసుపత్రి కప్పు లేచిపోతోంది!"

తెనిన్ అక్కచెల్లెళ్లని వాటేసుకుంది. బఫింగ్ మొహం చేత్తో తుడుచుకుని, "నమ్మకండి, జారాలు పుట్టడమే అబద్ధంతో పుడతారు," అని అరిచి, అరుస్తూనే ఏడ్చాడు. వాకిలంతా ఒక్కసారిగా నవ్వు.

"తల్లి?" అంది తెనిన్.

"బతికుంది. బలహీనంగా ఉంది, రక్తం ఎక్కిస్తున్నారు. ఆ పిల్ల విషయంలో నేను ఆటలాడను. ఆమె నాకు వేళాకోళపు చుట్టం కాదు." కుంపటి దగ్గరికి వెళ్లి చేతులు చాచాను, వెచ్చగా ఉంది. "నీ కట్టెలు మాత్రం జాగ్రత్త చేసుకో తెనిన్. ఇద్దరు మనవల్ని తిన్నాయి, మూడోదాని దాకా వచ్చాయి. నీ పేర్పుకి ఆకలి తీరిందో ఇంకా ఉందో కనుక్కో."

అందరూ మళ్లీ నవ్వారు. జారా అంటే నవ్వాలి కదా. బఫింగ్ తొడ చరుచుకుని మరీ నవ్వాడు.

తెనిన్ నవ్వలేదు. నావైపు చూసింది, తన కట్టెలవైపు చూసింది. పైగుడ్డతో మొహం కప్పుకుని కుంపటి ముందు కూర్చుండిపోయింది. మంట తగ్గింది. కాసేపటికి చెయ్యి చాచి పాక కిందినుంచి ఒక పిడక తీసుకుని కుంపట్లో పెట్టింది.